ఐదు వేల లోపు మొదటి మంచి హెడ్‌ఫోన్స్: వయొలిన్ సాధనకీ, పాత రికార్డింగులకీ ఏది తీసుకోమంటారు?

విజయనగరం_వయొలిన్:

నమస్కారం అండీ. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. చిన్నపిల్లలకి సరళీ స్వరాలు, జంట స్వరాలు చెప్పగా వచ్చిన డబ్బులో ఐదు వేలు హెడ్‌ఫోన్స్‌కని పక్కన పెట్టాను. ఇంతకుముందు ఎప్పుడూ ప్రత్యేకంగా కొనలేదు. ఫోన్‌తో వచ్చినవి వాడడం, అవి పోతే బజార్లో రెండొందలవి తెచ్చుకోవడం, అంతే.

ముఖ్యంగా పాత రికార్డింగులు వినాలి. ద్వారం వెంకటస్వామినాయుడు గారు మా కళాశాలకే ప్రిన్సిపాల్‌గా చేశారు. ఆయన గ్రామఫోన్ రికార్డులు కొన్ని నెట్‌లో దొరుకుతున్నాయి. "కమాను ఎక్కడ తిరిగిందో విను, ఎక్కడ ఒత్తి పట్టారో విను" అంటారు మా గురువుగారు. నా ఇయర్‌ఫోన్స్‌లో స్వరం వినబడుతుంది కానీ కమాను తిరగడం వినబడదు. ఇది కాక వారానికోసారి చెన్నైలో ఉన్న ఇంకో గురువుగారి దగ్గర జూమ్‌లో పాఠం ఉంటుంది. తంబుర యాప్, తాళం యాప్ పెట్టుకుని నా సాధన రికార్డు చేసుకోవడం కూడా మొదలుపెట్టాను.

ఫోన్‌కి టైప్-సి ఒక్కటే ఉంది, ఇయర్‌ఫోన్ పెట్టే గుండ్రటి రంధ్రం లేదు. పాత లాప్‌టాప్‌కి ఉంది. ఇంట్లో ఫ్యాను, ముందు గదిలో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి. షాపులో అడిగితే బ్లూటూత్‌ది చూపించి "50 ఎంఎం డ్రైవర్, ఎక్స్‌ట్రా బాస్, ఇంతకన్నా ఏం కావాలి" అన్నారు. నాకు ఏం కావాలో నాకే సరిగ్గా తెలియడం లేదు. తెలిసినవాళ్లు చెప్పగలరా?

బెంగళూరు_నుంచి:

ఐదు వేలు అక్కర్లేదండీ. ఐఈఎం తీసుకోండి, అంటే చెవి లోపల పెట్టుకునే వైర్డ్ ఇయర్‌ఫోన్స్. సెవెన్‌హెర్ట్జ్ శాల్నోట్స్ జీరో గానీ, మూన్‌డ్రాప్ చు 2 గానీ రెండు వేల చుట్టుపక్కల దొరుకుతాయి. రెండింటికీ వైరు ఊడివస్తుంది, తెగితే వైరు ఒక్కటే మార్చుకోవచ్చు. గొంతు, వయొలిన్ చాలా శుభ్రంగా వినిపిస్తాయి. మిగిలిన డబ్బుతో ఫోన్‌కి ఒక మంచి టైప్-సి డాంగిల్ (ఇయర్‌ఫోన్ గుండ్రటి పిన్నుని టైప్-సికి కలిపే ముక్క) కొనుక్కోండి. డబ్బాలో వేర్వేరు సైజుల రబ్బరు టిప్పులు వస్తాయి, మీ చెవికి బిగుతుగా కూర్చునేది ఎంచుకోండి. టిప్పు వదులైతే బాస్ మొత్తం పోతుంది, అప్పుడు పాపం ఇయర్‌ఫోన్‌ని తిట్టుకుంటారు.

టంకం_విశాఖ:

అమ్మా, నేను విశాఖలో ఆడియో రిపేర్లు చేస్తాను. యాంప్లిఫయర్లు, మిక్సర్లు, గుళ్లలో మైకులు, వాటితో పాటు హెడ్‌ఫోన్సూ. కొత్తవి అమ్మను, కాబట్టి మీరు ఏది కొన్నా నాకు వచ్చేదీ పోయేదీ లేదు. నా బల్ల మీదికి ఏవి ఎందుకు వస్తాయో, ఏవి బాగుపడి వెళతాయో, ఏవి చెత్తబుట్టలోకి వెళతాయో రోజూ చూస్తాను. దాన్ని బట్టి చెబుతున్నాను.

మీకు కావలసింది వైరు ఉన్నది, చెవి మొత్తం కప్పేది, వెనక మూసి ఉన్నది. మీరు రాసిన పనుల్లోంచే ఈ మూడూ వస్తాయి.

ముందు వైరు సంగతి. బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక పద్ధతి, మాట్లాడడానికి ఇంకో పద్ధతి ఉంటాయి. జూమ్ పాఠంలో హెడ్‌ఫోన్ మైకు వాడడం మొదలవగానే అది మాట్లాడే పద్ధతికి మారిపోతుంది. అప్పుడు స్టీరియో పోయి మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం, మిగులుతుంది, మీ ధరలో వచ్చేవాటిలో 8,000 హెర్ట్జ్ పైన ఉన్నదేదీ రాదు. పాత రకమైతే 4,000 దగ్గరే తెగిపోతుంది. కమాను తీగ మీద రాసుకునే ఆ సన్నని గరగరలో కొంత ఉండేది ఆ పై భాగంలోనే. గురువుగారు చెన్నైలో ఎంత శ్రద్ధగా వాయించినా మీకు ఫోన్ కాల్‌లో విన్నట్టే ఉంటుంది.

రెండోది ఆలస్యం. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా పడుతుంది. సినిమా చూసేటప్పుడు బొమ్మని కూడా అంతే వెనక్కి జరుపుతారు కాబట్టి తెలియదు. మీరు తాళం యాప్ వింటూ వాయించి రికార్డు చేస్తే అలా జరపడానికి ఎవరూ ఉండరు. సెకనుకి ఒక దెబ్బ పడే చతురశ్ర నడకలో (దెబ్బకి నాలుగు మాత్రలు) ఒక్కో మాత్ర పావు సెకను. ఆలస్యం ఐదో వంతు సెకను ఉంటే రికార్డులో మీ వయొలిన్ దాదాపు ఒక మాత్ర వెనక పడుతుంది. లయ మీది బాగానే ఉన్నా రికార్డు వింటే తప్పినట్టు ఉంటుంది. నేర్చుకునే వయసులో మీ లయ మీద మీకే అనుమానం రావడం నాకు ఇష్టం లేదు.

మూడోది బ్యాటరీ. రెండు మూడేళ్లు బాగా వాడితే దిగిపోతుంది. చాలావాటిని స్క్రూలు లేకుండా అతికించేసి ఉంటారు. ప్లాస్టిక్ విరగకుండా తెరవడం నా వల్ల కూడా కాదు. డ్రైవర్లు, అంటే లోపల శబ్దం పుట్టించే భాగాలు, దివ్యంగా ఉన్నవాటిని బ్యాటరీ కోసం పారేయాల్సి వస్తే చాలా బాధేస్తుంది.

ఇక పైన బెంగళూరు మిత్రుడు చెప్పినవి. అవి నిజంగానే బాగుంటాయి, నేనూ విన్నాను, ఆ ధరకి ఆ శుభ్రత గొప్ప విషయమే. వినడం ఒక్కటే అయితే నేనూ అవే కొనమనేవాణ్ని. కానీ మీరు పాడుకుంటూ వాయిస్తారు, తాళం వేస్తారు. రెండు చెవుల్లో రబ్బరు బిగించుకుని పాడితే సొంత గొంతు పుర్రెలో గుమ్మని మోగుతుంది, శ్రుతి సరిగ్గా తెలియదు. చెవి మీద పెట్టుకునేదైతే ఒకవైపు కప్పుని చెవి వెనక్కి తోసేసి, ఒక చెవితో తంబురా, ఇంకో చెవితో మీ వయొలినూ వినవచ్చు. రికార్డింగ్ స్టూడియోల్లో పాడేవాళ్లు చేసేది అదే. అప్పుడు తెరిచిన కప్పులోంచి శబ్దం మైకులోకి పోకుండా వాల్యూమ్ కాస్త తగ్గించుకోండి.

వెనక మూసి ఉన్నది ఎందుకంటే, జల్లెడలా తెరిచి ఉన్న ఓపెన్-బ్యాక్ రకంలో శబ్దం విశాలంగా, గదిలో కూర్చుని విన్నట్టు ఉంటుంది కానీ లోపలిది బయటికీ, బయటిది లోపలికీ వస్తుంది. మీ టీవీ లోపలికి వస్తుంది. మీ తంబుర యాప్ రికార్డింగులోకి పోతుంది.

ఏది కొనాలంటే, ఆడియో-టెక్నికా వాళ్ల ఏటీహెచ్-ఎం20ఎక్స్ వినండి. మీ ఐదు వేలకి దగ్గర్లో ఉంటుంది, ధర మారుతూ ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు గమనించండి. 40 ఎంఎం డ్రైవర్, 47 ఓములు (విద్యుత్ నిరోధం, దీని సంగతి కింద చెబుతాను), 3 మీటర్ల వైరు. అంత డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే సెన్‌హైజర్ హెచ్‌డీ 206 ఉంది, అదీ 3 మీటర్ల వైరే, 24 ఓములు. ఎం20ఎక్స్‌లో మధ్య స్థాయి స్వరాలు ముందుకి వస్తాయి, మీకు అది మేలు. రెండూ మ్యూజిక్ షాపుల్లో, అంటే గిటార్లు, కీబోర్డులు అమ్మేచోట అడగండి. మొబైల్ షాపుల్లో ఎక్కువగా ఉండవు.

50 ఎంఎం అన్నారు కదా షాపులో. డ్రైవర్ పెద్దదైతే శబ్దం మంచిదవుతుందని లేదు. స్టూడియోల్లో ఏళ్ల తరబడి వాడుతున్న సోనీ ఎండీఆర్-7506కి ఉన్నవి 40 ఎంఎం డ్రైవర్లే. అది 1991లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది, చెవి దిండ్ల నుంచి డ్రైవర్ దాకా విడిభాగాలు దొరుకుతాయి. మీ డబ్బుకి మించినది కాబట్టి కొనమనను, 50 అనే అంకెకి లొంగిపోకండి అని చెప్పడానికే ఎత్తాను. డబ్బా మీద "5 నుంచి 35,000 హెర్ట్జ్" లాంటివి రాసినా అంతే. మనిషి చెవికి వినబడేది 20 నుంచి 20,000 లోపు, వయసు పెరిగేకొద్దీ పైన తగ్గుతూ వస్తుంది.

చూడాల్సిన అంకె ఓములు. ఒకే మోడల్‌లో వేర్వేరు ఓములవి ఉంటాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓముల్లో వస్తుంది. 250ది ఎవరైనా చవగ్గా ఇస్తామన్నారని తీసుకుంటే మీ ఫోన్ దాన్ని చాలినంత గట్టిగా మోగించలేదు, విడిగా యాంప్లిఫయర్ కొనాలి. మీకు 60 లోపు ఉంటే బెంగ లేదు.

డాంగిల్ కొనేటప్పుడు జాగ్రత్త. టైప్-సి నుంచి 3.5 ఎంఎంకి మార్చే ముక్కలు రెండు రకాలు. ఒకదానిలో వట్టి వైర్లే ఉంటాయి, ఫోన్ టైప్-సి లోంచి నేరుగా ఆడియో సిగ్నల్ ఇస్తేనే పనిచేస్తుంది, చాలా ఫోన్లు ఇవ్వవు. ఇంకోదానిలో డాక్ చిప్ ఉంటుంది, డిజిటల్‌ని శబ్దంగా మార్చే పని అదే చూసుకుంటుంది. "డాక్ ఉన్నది కావాలి" అని అడిగి, షాపులోనే మీ ఫోన్‌కి పెట్టి మోగించి చూసి తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, వినే పద్ధతి. షాపువాళ్లు పెట్టే పాట వినకండి. అది ఏ హెడ్‌ఫోన్‌లోనైనా బాగుండే పాటనే ఎంచి పెట్టుకుంటారు. మీకు కంఠతా వచ్చినవి ఫోన్‌లో దించుకుని వెళ్లండి.

మొదట తంబుర ఒక్కటే పెట్టండి. నాలుగు తీగలూ విడివిడిగా మీటినట్టు తెలియాలి, ఆ జుమ్మనే మోత తీగ తీగకీ మారాలి. అంతా ఒకటే హోరుగా ఉంటే పక్కన పెట్టేయండి.

తర్వాత మృదంగం ఉన్న కచేరీ. ఎడమ వైపు తొప్పి మోత ఎంతసేపు నిలుస్తుందో చూడండి. వాయించినవారు గుంకి (మోత వంగేలా వాయించే దెబ్బ) ఇచ్చి వదిలితే అది వంగి ఆగాలి. ఎక్స్‌ట్రా బాస్ వాటిలో తొప్పి ఆగకుండా సాగి, మీ వయొలిన్ మంద్ర స్థాయిని కప్పేస్తుంది. పాడేవాళ్లది కూడా వినండి. మన భాషలో శ, ష, స, చ ఎన్ని వస్తాయో మీకు తెలుసు. ఆ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటే ఆ హెడ్‌ఫోన్‌తో గంట కూర్చోలేరు. పైగా మీరు వినేవి 78 స్పీడు రికార్డులు. ముల్లు రాపిడి వల్ల వచ్చే చరచర ఎటూ ఉంటుంది. పై స్థాయిని ఎక్కువ చేసే హెడ్‌ఫోన్‌లో వయొలిన్ కన్నా ఆ చరచరే ముందు వినబడుతుంది.

ఆఖరున ఆ పాత రికార్డుల్లోనే ఒకటి పెట్టండి. అవి మోనో. రెండు చెవుల్లో ఒకే శబ్దం, కాబట్టి వయొలిన్ సరిగ్గా తల మధ్యలో ఉన్నట్టు అనిపించాలి. ఓ పక్కకి ఒరిగితే హెడ్‌ఫోన్స్‌ని ఎడమా కుడీ తిప్పి పెట్టుకోండి. ఒరుగు కూడా అటు మారితే లోపం హెడ్‌ఫోన్‌లోనో, ఫోన్ బ్యాలన్స్ సెట్టింగులోనో ఉంది. తిప్పినా అదే పక్కన ఉంటే తేడా మీ చెవిలోనో, దిండు ఆనే తీరులోనో ఉంది. ఇది ఏ షాపులోనూ చెప్పరు, చేయడానికి నిమిషం పట్టదు.

వినికిడి_కర్నూలు:

నేను వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను, ఒక్క మాట చేర్చి వెళతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు, 90 దగ్గరైతే 4 గంటలే. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగం అవుతుంది. ఫ్యాను, టీవీ మోతని దాటించడానికి మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం, అందుకే మీకు మూసి ఉన్న రకమే మంచిదని నేనూ అంటాను. మీ సాధన గంటలు కూడా చెవికి లెక్కే. వయొలిన్ మీ ఎడమ చెవికి దగ్గరగా మోగుతుంది. రోజంతా వాయించాక వెంటనే హెడ్‌ఫోన్స్ పెట్టుకోకుండా చెవికి కాస్త విరామం ఇవ్వండి. విన్న తర్వాత చెవిలో గుయ్‌మంటే ఆ వాల్యూమ్ మీకు ఎక్కువ.

విజయనగరం_వయొలిన్:

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారూ, మీరు రాసింది మా గురువుగారికి కూడా చదివి వినిపించాను, మోనో పరీక్ష ఆయనకి బాగా నచ్చింది. రెండు సందేహాలు. ఎం20ఎక్స్‌కి వైరు ఊడి రాదని చూశాను. అదే కంపెనీ ఎం40ఎక్స్‌కి ఊడి వస్తుంది, ధర నా డబ్బుకి మించి ఉంది. ఒకాయన సెకండ్ హ్యాండ్‌ది నాలుగున్నర వేలకి ఇస్తానంటున్నారు, తీసుకోమంటారా? ఇంకోటి, మేము కింద కూర్చుని వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. 3 మీటర్ల వైరు కమానుకి అడ్డు రాదా?

టంకం_విశాఖ:

అడగాల్సినవే అడిగారు.

వైరు ఊడివచ్చేదే మంచిది, అందులో రెండో మాట లేదు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం వైరు తెగినవే, అదీ జాక్ మెడ దగ్గరో, కప్పులోకి దూరే చోటో. ఎం40ఎక్స్‌కి తిప్పి బిగించే వైరు, తెగితే మీరే మార్చుకోవచ్చు. ఎం20ఎక్స్‌ది తెగితే నాలాంటివాడి దగ్గరికి తేవాలి, కానీ బాగుపడుతుంది. లోపలి తీగలకి సన్నని ఎనామిల్ పూత ఉంటుంది, దాన్ని వేడితో కాల్చకుండా టంకం పెడితే అంటినట్టే ఉండి రెండు రోజులకి వదిలేస్తుంది. రిపేరు చేయించేటప్పుడు పూత తీశారా అని అడగండి.

సెకండ్ హ్యాండ్ అంటే మనిషిని చూసి కాదు, వస్తువుని చూసి తీసుకోవాలి. తల మీది పట్టీకి, కప్పుకీ మధ్య మడిచే చోట పగులు ఉందేమో గోరు పెట్టి చూడండి. వైరు పెట్టే చోట మెల్లగా కదిపితే బరబర రాకూడదు. చాలా తక్కువ వాల్యూమ్‌లో తంబుర పెట్టి రెండు పక్కలా వినండి, డ్రైవర్ మీద వెంట్రుక పడినా, దాని పొర నొక్కుకుపోయినా అప్పుడే చిన్న జివ్వు తెలుస్తుంది. చెవి దిండ్లు పాడైతే ఫరవాలేదు, అవి మార్చేవే. దిండ్ల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. బిల్లు చూపించలేకపోతే వద్దనే అంటాను. ఈ మోడళ్లకి నకిలీలు బాగా తిరుగుతున్నాయి, బయటికి అచ్చం అలాగే ఉంటాయి. నాలుగున్నర వేలకి బిల్లు లేని ఎం40ఎక్స్ కన్నా బిల్లుతో కొత్త ఎం20ఎక్స్ మేలు.

కూర్చునే తీరు బాగా గుర్తుచేశారు. ఎం20ఎక్స్ వైరు ఎడమ కప్పు ఒక్కదానిలోంచే వస్తుంది. మీ వయొలిన్ కూడా ఎడమ భుజం వైపే ఆనుతుంది కాబట్టి ముందు నుంచి వదిలితే వేళ్లకి తగులుతుంది. ఎడమ చెవి దగ్గర నుంచే వీపు మీదుగా వెనక్కి వేసి, చున్నీ పిన్నుతో జాకెట్‌కో కుర్తాకో భుజం వెనక వదులుగా పట్టించండి, వైరుకి గుచ్చుకోకుండా. ఫోన్ కుడి పక్కన కాకుండా వెనక పెట్టుకోండి. మిగిలిన వైరుని వెడల్పాటి చుట్టగా చుట్టి కట్టండి. ఫోన్ చుట్టూ బిగించి చుడితే జాక్ మెడ దగ్గరే తెగుతుంది.

దిండ్ల గురించి మన వైపు వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. పైన ఉండేది నిజం తోలు కాదు, గుడ్డ మీద పూసిన పాలీయూరిథేన్. సముద్రపు గాలి తేమకీ, చెమటకీ పొట్టు పొట్టుగా రాలుతుంది. వాడిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి గాలికి ఉంచండి, వెంటనే సంచీలో దోపకండి. కొబ్బరినూనె రాసుకున్న తలతో పెట్టుకుంటే పట్టీ ఇంకా ముందే పోతుంది, పైన పల్చటి గుడ్డ చుట్టుకోండి. రాలిపోయాక అదే సైజువి కొనండి. మెత్తగా ఉందని వెల్వెట్ గుడ్డవి వేస్తే బాస్ కారిపోతుంది, మీరు ఎంచుకున్న శబ్దం మారిపోతుంది.

విజయనగరం_వయొలిన్:

అర్థమైంది మాస్టారూ. ఆ సెకండ్ హ్యాండ్ ఆయన్ని అడిగితే బిల్లు లేదన్నారు, వదిలేశాను. ఆదివారం నాన్నగారితో విశాఖ వచ్చి మ్యూజిక్ షాపుల్లో ఎం20ఎక్స్, హెచ్‌డీ 206 రెండూ పెట్టుకుని వింటాను. తంబుర, ఒక కచేరీ, రెండు పాత రికార్డులు ఫోన్‌లోకి దించుకున్నాను. జూమ్‌లో గురువుగారి వయొలిన్ మధ్య మధ్యలో మింగేసినట్టు తెగిపోతూ ఉంటుంది, కొత్త హెడ్‌ఫోన్స్‌తో అది కూడా పోతుందా?

టంకం_విశాఖ:

పోదమ్మా, అది హెడ్‌ఫోన్ పని కాదు. జూమ్ మాటని ఉంచి మిగతా శబ్దాన్ని చప్పుడనుకుని తీసేస్తుంది. నిలిపి పట్టిన స్వరం దానికి ఫ్యాను మోతలా కనిపిస్తుంది. ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని ఉంటుంది. దాన్ని గురువుగారు వాళ్ల వైపు ఆన్ చేస్తే ఆయన వయొలిన్ మీకు తెగకుండా వస్తుంది, మీరు మీ వైపు చేస్తే మీది ఆయనకి వెళుతుంది. క్లాసు మొదలయ్యాక కూడా తెర మీద ఆ బొత్తాం ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అది పెట్టినప్పుడు ఇద్దరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి, లేకపోతే స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకి పోయి ప్రతిధ్వని వస్తుంది. వీలైతే ఈ వారం పాఠానికి పాత ఇయర్‌ఫోన్స్‌తోనే పెట్టి చూడండి, ఆదివారం షాపుకి వెళ్లే ముందే ఎంత తేడా వచ్చిందో మీకు తెలుస్తుంది.